కాపురం చెడితే వీసా ఏమవుతుంది, ఎలా నిలుపుకోవాలి

అమెరికా నుంచి కూతురు ఏడుస్తూ ఫోను చేస్తే గాజువాకలోనో మధురవాడలోనో ఉన్న తండ్రి నోట మొదట వచ్చే మాట, "వచ్చెయ్యమ్మా, మిగతాది తరవాత చూసుకుందాం." ప్రేమతో అన్న మాటే. కానీ చాలామంది అమ్మాయిల నివాస హక్కు సరిగ్గా ఆ మాట దగ్గరే చేజారుతుంది. అక్కడ ఉండగా వారం పనిలో తెమిలిపోయే వ్యవహారం, విశాఖ వచ్చి కూర్చున్నాక ఏళ్లు పట్టవచ్చు, అసలు తెమలకపోనూ వచ్చు.

విశాఖ నుంచి పెళ్లి చేసుకుని విదేశానికి వెళ్లి, అక్కడ కాపురం నిలబడని వారి కోసం రాస్తున్నది ఇది. ఈ ఇబ్బందిలో పడేది ఎక్కువగా అమ్మాయిలే కాబట్టి వారితోనే మాట్లాడుతున్నాను. భార్య వీసా మీద వెళ్లిన మగవారికీ నిబంధనలు ఇవే. మనవాళ్లు ఎక్కువమంది అమెరికాలో ఉన్నారు గనుక ఆ దేశం గురించి విస్తారంగా, మిగతా దేశాల గురించి క్లుప్తంగా చెబుతాను.

ఒక్క మినహాయింపు. ప్రాణభయం ఉంటే కింద రాసినవేవీ చదువుతూ కూర్చోవద్దు. 911కు ఫోను చేసి ఇల్లు వదిలి బయటికి రండి. గృహహింస జాతీయ సహాయ కేంద్రం నంబరు 1-800-799-7233. అక్కడ దుబాసీ సాయంతో మాట్లాడవచ్చు. ఇమిగ్రేషన్ కాగితాలు ఆ తరవాతే.

ముందు, మీ హక్కు దేని మీద నిలబడి ఉందో తేల్చుకోండి

"నాకు 2027 దాకా వీసా ఉంది" అని చాలామంది ధీమాగా ఉంటారు. పాస్‌పోర్టులో అతికించిన వీసా దేశంలోకి అడుగుపెట్టడానికి మాత్రమే. ఏ హోదాలో, ఏ తేదీ వరకు ఉండవచ్చో చెప్పేది ఐ-94 అనే రికార్డు. దాన్ని తీసుకోవడానికి భర్త అనుమతి అక్కర్లేదు. అమెరికా సరిహద్దు రక్షణ శాఖ వెబ్‌సైటులో మీ పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు ఇస్తే ఉచితంగా వస్తుంది. అయితే అమెరికాలో ఉండగానే మీ హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చే హోదా) పొడిగించి ఉంటే కొత్త ఐ-94 ఆ వెబ్‌సైటులో కనిపించదు. ఐ-797 అనే ఆమోదపత్రం అడుగు భాగంలో, చింపుకొని దాచుకునే ముక్కలా ఉంటుంది. ఆ కాగితం సాధారణంగా భర్త ఫైలులోనే ఉండిపోతుంది. గొడవ ముదరక ముందే దాన్ని ఫోనులో ఫోటో తీసుకోండి.

గ్రీన్‌కార్డు ఉంటే దాని మీద కేటగిరీ అనే చోట చూడండి. సీఆర్1 లేదా సీఆర్6 అని ఉంటే అది రెండేళ్ల కార్డు, అంటే షరతులతో కూడినది. అమెరికా పౌరుణ్ణి పెళ్లి చేసుకుని, కార్డు వచ్చే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండని వారికి ఇస్తారు. భర్త ఉద్యోగం ద్వారా కుటుంబమంతటికీ వచ్చిన గ్రీన్‌కార్డుకు ఈ షరతు లేదు. పెళ్లయిన ఆర్నెల్లకే వచ్చినా సరే, అది పదేళ్ల కార్డే. ఈ తేడా తెలియక అనవసరంగా భయపడుతూ, భర్త ఏమన్నా పడి ఉండేవారు ఉన్నారు.

పదేళ్ల కార్డు ఉన్నవారికి చెప్పవలసింది కొద్దే. విడాకులతో ఆ కార్డు పోదు. కార్డు మార్చుకునేటప్పుడు పెళ్లి సంగతి ఎవరూ అడగరు. మారేదల్లా ఒకటే: అమెరికా పౌరుడి భార్యగా మూడేళ్లకే పౌరసత్వానికి దరఖాస్తు చేసే వెసులుబాటు పోయి, అందరిలా ఐదేళ్లు ఆగాలి. వీరు ఇక్కడ చదవడం ఆపి పిల్లల గురించిన భాగానికి వెళ్లిపోవచ్చు.

రెండేళ్ల కార్డు ఉన్నవారు

ఈ కార్డు గడువు తీరడానికి ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి, షరతులు తొలగించమని ఐ-751 అనే దరఖాస్తు పెట్టాలి. భర్త సంతకం పెట్టనంటే ఏమిటి గతి? ఒంటరిగా పెట్టవచ్చు. చట్టమే ఆ దారి ఇచ్చింది. నిజాయతీగా పెళ్లి చేసుకున్నాం, కానీ విడాకులయ్యాయి అన్నది ఒక కారణం. భర్త కొట్టాడు లేదా క్రూరంగా హింసించాడు అన్నది రెండోది. భర్త మరణం, దేశం నుంచి పంపేస్తే తీవ్రమైన కష్టం కలుగుతుందన్నది మిగతా రెండు.

ఒంటరి దరఖాస్తుకు ఆ 90 రోజుల లెక్క వర్తించదు. కార్డు వచ్చాక ఎప్పుడైనా పెట్టవచ్చు. కానీ విడాకుల కారణంతో పెడితే తుది తీర్పు కాపీ చూపాల్సిందే. కేసు ఇంకా నడుస్తుంటే అధికారులు నోటీసు పంపి తీర్పు కాపీ అడుగుతారు, దానికి ఇచ్చే సమయం తక్కువ. అందుకే కార్డు గడువు దగ్గరపడుతున్నా భర్త విడాకులను లాగుతుంటే, మీరే విడాకుల కేసు వేయడం మేలు. "ఆడపిల్ల ముందుగా కోర్టుకెక్కిందన్న మాట మనకెందుకు" అని విశాఖ నుంచి పెద్దమ్మ అంటుంది. ఆమెకు ఐ-751 సంగతి తెలియదు. హింస కారణంతో పెట్టే దరఖాస్తుకు విడాకులు పూర్తి కానక్కర్లేదు.

మొదట ఇద్దరూ కలిసి పెట్టి, ఆ తరవాత విడిపోయినా భయం లేదు. విడాకులు మంజూరయ్యాక అదే దరఖాస్తును ఒంటరి దరఖాస్తుగా మార్చమని కోరవచ్చు. దరఖాస్తు అందినట్టు వచ్చే రసీదు కార్డు గడువును 48 నెలలు పొడిగిస్తుంది. 2023 జనవరి నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. ఆ రసీదు కార్డుతో సమానం, పారేయకండి.

ఇక సాక్ష్యాలు. మనవాళ్లు పెళ్లి ఆల్బమ్ మొత్తం పంపిస్తారు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, సింహాచలంలో దంపతుల ఫోటో, అన్నవరం వ్రతం పీటలు, అన్నీ. పెళ్లి జరిగిందన్న విషయంలో అధికారికి అనుమానం లేదు. ఆ తరవాత ఇద్దరూ కలిసి బతికారా అన్నదే అతనికి కావాలి. ఇద్దరి పేర్లూ ఉన్న అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా లావాదేవీలు, కలిసి కట్టిన ఆదాయపు పన్ను వివరాలు, కారు బీమా, ఆరోగ్య బీమా, కరెంటు బిల్లు, ఒకే చిరునామాకు ఇద్దరికీ వచ్చిన ఉత్తరాలు చూపాలి. పన్ను వివరాలు భర్త ఇవ్వకపోయినా, ఉమ్మడిగా దాఖలు చేసి ఉంటే వాటి వివరాల పత్రాన్ని (ట్రాన్‌స్క్రిప్ట్) పన్నుల శాఖ నుంచి మీరే ఉచితంగా తెప్పించుకోవచ్చు. సీమంతం ఫోటోలు, అత్తమామలు వచ్చినప్పుడు కలిసి చేసిన ప్రయాణాల టికెట్లు, మీ కాపురం కళ్లారా చూసిన స్నేహితుల ప్రమాణపత్రాలు కూడా పనికొస్తాయి. వాట్సాప్ సందేశాల్లో మామూలు సంసారం కనిపించేవి ఏరండి. "పాలు తెస్తావా", "ఈ నెల అద్దె వేశావా" లాంటివి ప్రేమలేఖల కన్నా బాగా నమ్మిస్తాయి.

హెచ్-4 మీద ఉన్నవారు

అసలు చిక్కంతా ఇక్కడే. హెచ్-4 పూర్తిగా భర్త హెచ్-1బీ మీద ఆధారపడిన హోదా. అతని ఉద్యోగం పోతే అదీ పోతుంది. విడాకులు మంజూరైన రోజున అదీ ముగుస్తుంది. హెచ్-1బీ ఉద్యోగం పోయిన వారికీ వారి కుటుంబానికీ ఇచ్చే 60 రోజుల వెసులుబాటు విడాకుల విషయంలో లేదు. హెచ్-4 మీద వచ్చిన పని అనుమతి కార్డు కూడా దానితోనే పోతుంది. కంపెనీ బదిలీ మీద ఎల్-1తో వెళ్లినవారి భార్యలకిచ్చే ఎల్-2దీ ఇదే కథ.

అయితే విడివిడిగా ఉంటున్నంత మాత్రాన హెచ్-4 పోదు. చట్టం దృష్టిలో మీరు భార్యగా ఉన్నంతవరకు, అతని హెచ్-1బీ సజావుగా ఉన్నంతవరకు, మీ ఐ-94 గడువు మిగిలి ఉన్నంతవరకు మీ హోదా నిలిచే ఉంటుంది. కాబట్టి మీ దగ్గరున్న వ్యవధి, గొడవ మొదలైన రోజుకూ విడాకుల తీర్పు వచ్చే రోజుకూ మధ్య ఉన్న కాలమే. దాన్ని ఏడుపుకీ, పెద్దమనుషుల రాయబారాలకీ ఖర్చు పెట్టేస్తే మిగలదు. మన ఇళ్లలో ఆషాఢం వెళ్లనివ్వండి అంటారు, మేనమామ వచ్చాక కూర్చుందాం అంటారు. ఇమిగ్రేషన్ శాఖకు ఆషాఢమూ లేదు, మేనమామా లేడు.

ఆ వ్యవధి ఎంత? రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో విడాకుల కేసు వేసిన నాటి నుంచి కనీసం 60 రోజులు గడవాలి. కాలిఫోర్నియాలో కనీసం ఆరు నెలలు. గొడవలు పడి వాదించుకుంటే ఇంకా చాలా ఎక్కువ పడుతుంది. ఆ లోపల మీరు మరో హోదాకు దరఖాస్తు పెట్టి ఉండాలి.

దారులు మూడు. చదువు: కళాశాలలో సీటు తెచ్చుకుని, వారిచ్చే ఐ-20 పత్రంతో ఎఫ్-1 అనే విద్యార్థి హోదాకు మారడం. ఇంజనీరింగ్ చదివిన మన అమ్మాయిలకు ఎక్కువగా కుదిరేది ఇదే, కాకపోతే ఫీజులకు డబ్బు చూపాలి. ఉద్యోగం: గతంలో ఎప్పుడైనా మీకు హెచ్-1బీ వచ్చి, పెళ్లి తరవాత హెచ్-4కు మారి ఉంటే, మీ ఆరేళ్ల కాలంలో మిగిలిన భాగానికి మళ్లీ లాటరీ అక్కర్లేదు. ఈ సంగతి మరిచిపోయి మార్చి నెల లాటరీ కోసం ఎదురుచూసేవారు ఉంటారు. విశ్వవిద్యాలయాలు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థల ఉద్యోగాలకు కూడా లాటరీ లేదు. మూడోది బీ-2: కేసు, సామాను, బ్యాంకు వ్యవహారాలు చక్కబెట్టుకోవడానికి కొన్ని నెలల సందర్శక హోదా. పని చేయడానికి వీల్లేదు, కానీ ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. ఎఫ్-1కూ బీ-2కూ ఐ-539 దరఖాస్తు మీరే సొంతంగా పెట్టుకోవచ్చు. ఏది పెట్టినా విడాకుల తీర్పు రాకముందే, ఐ-94 తేదీ దాటకముందే పెట్టాలి.

దాటితే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. ఐ-94 తేదీ తరవాత 180 రోజులకు మించి ఉండిపోయి దేశం విడిచి వెళ్తే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉంటే పదేళ్లు తిరిగి రావడానికి నిషేధం పడుతుంది.

గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉన్నవారు ఇంకో మాట వినాలి. అది భర్త ఉద్యోగం ద్వారా వేసినదైనా, పౌరుడైన భర్త మీ కోసం వేసినదైనా, కార్డు మంజూరు కాకముందే విడాకులైతే దరఖాస్తు నిలవదు. కార్డు చేతికి వచ్చాక విడాకులైతే పరిస్థితి వేరని పైన చూశాం. కాబట్టి విడాకులు ఏ తేదీన ఖరారవుతాయన్నది భరణం ఎంత అన్నదాని కన్నా పెద్ద విషయం కావచ్చు. మీ విడాకుల లాయరుకూ ఇమిగ్రేషన్ లాయరుకూ ఒకరితో ఒకరికి మాట్లాడించండి. ఒకరికి తెలిసింది రెండోవారికి తెలియదు. ఇద్దరికీ ఫీజు ఇస్తున్నది మీరు, మొహమాటపడకండి.

సమన్లు వస్తే మూలన పడేయవద్దు

"అమెరికా విడాకులు మన దేశంలో చెల్లవటగా" అన్న మాట విశాఖలో తరచు వినిపిస్తుంది. అందులో కొంత నిజం ఉంది. తిరుపతిలో పెళ్లి చేసుకున్న భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో విడాకులు తెచ్చుకున్న వై. నరసింహారావు కేసులో 1991లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య ఆ కోర్టు పరిధికి ఒప్పుకోకుండా విదేశీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని తేల్చింది. కానీ ఆ తీర్పు మీ హెచ్-4ను కాపాడదు. అమెరికాలోని రాష్ట్ర కోర్టు విడాకులు ఇచ్చేస్తే, ఇమిగ్రేషన్ శాఖ లెక్కలో మీరు ఆ రోజు నుంచి భార్య కాదు. ఇక్కడి లెక్కలో భార్యగానే ఉంటారు, అక్కడ ఉండే హక్కు మాత్రం పోతుంది. రెండు వైపులా నష్టపోవడం అంటే ఇదే.

అందుకని సమన్లు చేతికి వస్తే గడువులోగా జవాబు వేయండి. కాలిఫోర్నియాలో 30 రోజులు, న్యూజెర్సీలో 35 రోజులు. టెక్సాస్‌లో 20 రోజులు నిండాక వచ్చే సోమవారం ఉదయం పది గంటల వరకు. జవాబు వేయకపోతే మీరు లేకుండానే తీర్పు వచ్చేస్తుంది. జవాబు వేస్తే ఆ కోర్టు పరిధిని ఒప్పుకున్నట్టవుతుందేమో, ఇండియాలో కేసు బలహీనపడుతుందేమో అన్న సందేహం న్యాయమైనదే. పరిధిని ప్రశ్నిస్తూనే హాజరు కావడం ఎలాగో లాయరును అడగండి. హాజరే కాకపోవడం మాత్రం జవాబు కాదు.

"నీ వీసా క్యాన్సిల్ చేయిస్తా" అంటే

ఈ బెదిరింపు వినని అమ్మాయి అరుదు. ఇందులో నిజమెంతో విడదీసి చూడాలి. గ్రీన్‌కార్డు ఉంటే, రెండేళ్లదైనా సరే, భర్త దాన్ని రద్దు చేయలేడు. హెచ్-4 ఉంటే అతను ఈమెయిలు రాసినంత మాత్రాన అమెరికాలో మీ హోదా ఆవిరైపోదు. విడాకులు తెస్తేనో, ఉద్యోగం మానేస్తేనో పోతుంది. మీకు గ్రీన్‌కార్డు కోరుతూ అతను వేసిన ఐ-130 పిటిషను ఇంకా పెండింగులో ఉంటే మాత్రం దాన్ని వెనక్కి తీసుకోగలడు. ఆ ఒక్క సందర్భంలో బెదిరింపు నిజమైనదే.

మాటల కన్నా కాగితాలే ప్రమాదం. ఐ-407 అని పైన ముద్రించిన కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టవద్దు. అది గ్రీన్‌కార్డు స్వచ్ఛందంగా వదులుకుంటున్నట్టు రాసిచ్చే పత్రం. విమానాశ్రయంలో అధికారి అడిగినా, ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటానని నిరాకరించే హక్కు మీకుంది.

పాస్‌పోర్టు దాచేశాడా? భారత పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, భర్తది కాదు. స్థానిక పోలీసులకు ఫిర్యాదు చేసి ఆ కాపీతో మీ ప్రాంతపు భారత కాన్సులేట్‌లో కొత్తదానికి దరఖాస్తు చేయండి. వేరే ఇంటికి మారితే పది రోజుల్లోగా ఇమిగ్రేషన్ శాఖకు కొత్త చిరునామా తెలపాలి. ఏఆర్-11 అంటారు, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. ఈ చిన్న పని చేయకపోతే మీ పేరున వచ్చే నోటీసులన్నీ ఇంకా భర్త ఇంటి పోస్టు డబ్బాలోనే పడుతుంటాయి, అతను తీసి చదువుకుంటూ ఉంటాడు. ఈమెయిలు పాస్‌వర్డ్, బ్యాంకు యాప్ పాస్‌వర్డ్ కూడా ఆ రోజే మార్చండి. పాత కాగితాలు ఏవీ దొరకకపోతే, ఇమిగ్రేషన్ శాఖ దగ్గరున్న మీ ఫైలు నకలును సమాచార హక్కు కింద మీరే అడిగి తెప్పించుకోవచ్చు.

హింస ఉన్నప్పుడు తెరుచుకునే దారులు

భర్త అమెరికా పౌరుడైనా గ్రీన్‌కార్డు ఉన్నవాడైనా, హింసకు గురైన భార్య అతనితో నిమిత్తం లేకుండా గ్రీన్‌కార్డు కోసం తనే పిటిషను వేసుకోవచ్చు. ఐ-360 అనే ఈ దరఖాస్తును మగవారూ వేయవచ్చు. ఫీజు లేదు. మీరు దరఖాస్తు చేసిన సంగతిని అధికారులు భర్తకు చెప్పడాన్ని చట్టం నిషేధించింది. విడాకులయ్యాక అయితే రెండేళ్లలోపే వేయాలి. హింస అంటే చేయి చేసుకోవడం ఒక్కటే కాదు. దేశం నుంచి పంపేయిస్తానని పదేపదే బెదిరించడం, పాస్‌పోర్టు దాచడం, ఇంట్లో బంధించడం, డబ్బు ముట్టనివ్వకపోవడం కూడా క్రూరత్వం కిందికి రావచ్చు.

భర్తది హెచ్-1బీ అయితే ఈ దారి లేదు. ఇది చట్టంలో పెద్ద లోటే, మన అమ్మాయిల్లో ఎక్కువమంది పడేది సరిగ్గా ఈ సందులోనే. వారికి ఐ-765వి అనే దరఖాస్తుతో పని అనుమతి దొరకవచ్చు, కానీ అది పనికి అనుమతి మాత్రమే, నివాస హోదా కాదు. నేరం పోలీసుల దాకా వెళ్లి, మీరు దర్యాప్తుకు సహకరించినట్టు వారు ధ్రువీకరిస్తే, నేర బాధితులకిచ్చే యూ వీసాకు ప్రయత్నించవచ్చు. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి నిరీక్షణ దీర్ఘం.

దక్షిణాసియా మహిళల కోసమే పనిచేసే సంస్థలు ఉన్నాయి: న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి, హ్యూస్టన్‌లో దయ. అత్తింటి పోరు అంటే ఏమిటో వీరికి విడమరిచి చెప్పనక్కర్లేదు.

పోలీసులను పిలిచినప్పుడు ఒక జాగ్రత్త. ఇద్దరి ఒంటి మీదా గీతలుంటే ఇద్దరినీ అరెస్టు చేయవచ్చు. గృహహింస నేరం రుజువైతే గ్రీన్‌కార్డు ఉన్నవారినీ దేశం నుంచి పంపేయవచ్చు. తొందరగా కేసు ముగించుకోవాలని నేరం ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.

పిల్లలు ఉంటే

పిల్లల్ని తీసుకుని చెప్పాపెట్టకుండా విశాఖ విమానం ఎక్కవద్దు. తండ్రి హక్కులను అడ్డుకునే ఉద్దేశంతో బిడ్డను దేశం దాటించడం అమెరికాలో 1993 నుంచి ఫెడరల్ నేరం. పిల్లల అపహరణకు సంబంధించిన 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం లేదు. బిడ్డను ఇండియాకు తీసుకెళ్తే వెనక్కి రప్పించలేమన్న అనుమానంతో అక్కడి కోర్టులు ముందే గట్టి షరతులు పెడతాయి. వెళ్లక తప్పకపోతే తండ్రి రాతపూర్వక అంగీకారమో కోర్టు అనుమతో ఉండాలి. బిడ్డ అమెరికా పౌరుడైనంత మాత్రాన తల్లికి నివాస హక్కు రాదు. ఆ బిడ్డకు 21 ఏళ్లు నిండాకే తల్లి కోసం దరఖాస్తు చేయగలడు.

విశాఖలో తల్లిదండ్రులు చేయవలసినవి

మీ అమ్మాయి అక్కడ లాయరు కోసం వెతుకుతుంటే మీరు ఇక్కడ కాగితాలు సిద్ధం చేయండి. పెళ్లి రిజిస్టర్ చేయించారా? లేకపోతే ముందు సర్టిఫికెట్ సంపాదించండి. ఉంటే దాని మీదా, జనన ధ్రువపత్రం మీదా విదేశాల్లో చెల్లేలా విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించండి. తెలుగులో ఉన్న పత్రాలకు ఇంగ్లిష్ అనువాదం, అది సరైనదేనని అనువాదకుడి సంతకంతో సహా కావాలి.

అల్లుడి తరఫు వారితో ఒప్పందం కుదిరితే స్టాంపు పేపరు మీద రాసుకుని, ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు పెట్టించి "విడాకులైపోయాయి" అనుకోవడం ఇంకా ఉంది. ఐ-751తో ఆ కాగితం పంపితే చెల్లదు. ఇద్దరికీ ఇష్టమైతే హిందూ వివాహ చట్టం 13బి కింద విశాఖ ఫ్యామిలీ కోర్టులో వేయవచ్చు. ఏడాదిగా విడిగా ఉండి ఉండాలి, పిటిషను తరవాత ఆరు నెలల వ్యవధి ఉంటుంది. ఆ ఆరు నెలలను తగిన సందర్భాల్లో కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒంటరిగా వేయాల్సివస్తే, భార్య తాను నివసిస్తున్న చోటే వేయవచ్చని 2003 సవరణ చెబుతోంది. అమ్మాయి అక్కడి నుంచి తండ్రి పేరున పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు సుంకం కట్టి సక్రమం చేయించాలి. కవరు బీరువాలో పెట్టి మరిచిపోతే కోర్టులో అక్కరకు రాదు.

వేధింపుల కేసు గురించి. పూర్వపు శిక్షాస్మృతిలోని 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. కేసు పెట్టడం మీ హక్కు, దెబ్బలు తిన్న పిల్ల విషయంలో వెనకాడనూ కూడదు. కానీ కోపంలో పెట్టే ముందు ఒక గొలుసు చూసుకోండి: కేసు వల్ల అల్లుడి పాస్‌పోర్టు స్వాధీనమైతే అతని హెచ్-1బీకి ఇబ్బంది, దాని మీద ఆధారపడిన మీ అమ్మాయి హెచ్-4కూ ఇబ్బంది. ముందు అమ్మాయి హోదా మార్చుకోవడం, తరవాత కేసు అన్న వరస చాలా సందర్భాల్లో నయం. పెట్టిపోతల లెక్కలు, లాకరులోని బంగారం సంగతీ అంతే. ఆర్నెల్ల తరవాత అడిగినా అవి ఉంటాయి.

ఖర్చుకు భయపడేవారికి: జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసాయం ఇస్తుంది. ఫోను 15100. జాతీయ మహిళా కమిషన్‌లో ప్రవాస భారతీయుల వివాహాల కోసం ప్రత్యేక విభాగం ఉంది. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే అది ఆ దేశంలోని భారత కాన్సులేట్‌కు వెళ్తుంది.

ద్వారకానగర్‌లో ఐ-20లు ఇప్పించే కన్సల్టెన్సీ వారిని ఈ పనికి నమ్మకండి. చదువు వీసాలో నలుగురికి మేలు చేసి ఉండవచ్చు, ఇది వేరే విద్య. అమెరికాలో లైసెన్సు ఉన్న లాయరో, న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధో మాత్రమే ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలి. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లోనూ సలహాదారులకు ప్రభుత్వ నమోదు తప్పనిసరి. నమోదు సంఖ్య అడిగితే నొచ్చుకునేవాడి దగ్గర కూర్చోవద్దు.

బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా

బ్రిటన్‌లో లెక్క వేరు. అక్కడ విడాకుల తీర్పు దాకా ఆగరు. దాంపత్యం శాశ్వతంగా తెగిపోయిందంటే చాలు, హోమ్ ఆఫీసుకు తెలపాలి. వారు సాధారణంగా వీసాను 60 రోజులకు కుదిస్తారు. ఆ లోపల వేరే వీసాకు మారాలి. గృహహింస ఉంటే బ్రిటిష్ పౌరుడి భార్య నేరుగా శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు, ఆదాయ పరిమితి ఉండదు. దరఖాస్తు చేసుకునేలోగా తల దాచుకోవడానికి మూడు నెలల ప్రత్యేక అనుమతి ఉంది. ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యలకు 2023 ఏప్రిల్ నుంచి ఆ మూడు నెలల అనుమతి వర్తిస్తుంది, శాశ్వత నివాసం మాత్రం వర్తించదు.

కెనడాలో శాశ్వత నివాసం వచ్చేస్తే ఇక చింత లేదు. జంటగా రెండేళ్లు ఉండాలన్న షరతును 2017 ఏప్రిల్‌లో ఎత్తివేశారు. ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలన్న నిబంధన ఒక్కటి చూసుకోవాలి. ఆస్ట్రేలియాలో 820 తాత్కాలిక భాగస్వామి వీసా మీద ఉండగా విడిపోతే ఆ శాఖకు చెప్పాలి. హింస జరిగినా, ఇద్దరికీ బిడ్డ ఉన్నా, శాశ్వత వీసాకు దారి మూసుకుపోదు.

ఇప్పటికే విశాఖ వచ్చేసి ఉంటే

"నాలుగు రోజులు పుట్టింట్లో ఉండి రా" అని పంపి, తిరుగు ప్రయాణం నాటికి ఫోను ఎత్తని భర్తల కథలు మన ఊళ్లో కొత్త కాదు. హెచ్-4 మీద వెళ్లి వచ్చినవారికి పరిస్థితి కష్టమే. కొత్త స్టాంపింగ్ కావాలంటే హైదరాబాద్ కాన్సులేట్‌లో భర్త ఐ-797, జీతం కాగితాలు చూపాలి, అవి అతను ఇవ్వడు. వీసా గడువు ఇంకా ఉంటే, చట్టం దృష్టిలో పెళ్లి కూడా నిలిచి ఉంటే, వెళ్లడం సాధ్యమా అన్నది లాయరును అడిగి తేల్చుకోండి. విమానాశ్రయంలో అడిగినదానికి అబద్ధం మాత్రం చెప్పవద్దు.

గ్రీన్‌కార్డు ఉన్నవారు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. కార్డును భర్త లాక్కున్నా హక్కు పోలేదు. ఐ-131ఎ దరఖాస్తు రుసుము ఆన్‌లైన్‌లో కట్టి అమెరికా కాన్సులేట్‌ను సంప్రదిస్తే, విమానం ఎక్కడానికి అనుమతి పత్రం ఇస్తారు. దేశం విడిచి ఏడాది దాటితే ఈ దారి మూసుకుపోతుంది. కాబట్టి అమెరికా నుంచి విమానం బయలుదేరిన తేదీ చూసుకుని అక్కడి నుంచి లెక్క వేయండి. అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయిన భర్త అక్కడ ఉండగా హింసించి ఉంటే, ఐ-360 పిటిషను విశాఖ నుంచి కూడా వేయవచ్చు.

బ్రిటన్ నుంచి తెచ్చి ఇక్కడ వదిలేసిన భార్యల విషయంలో ఆ దేశం 2024 జనవరి 31 నుంచి నిబంధన మార్చింది. బ్రిటిష్ పౌరుడో అక్కడ స్థిరపడినవాడో అయిన భర్త హింసించి విదేశంలో వదిలేస్తే, అక్కడికి వెళ్లకుండానే, బయటి నుంచే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు. దానికి రుజువులు ఇప్పటినుంచే పోగుచేయండి: అతను కొన్న ఒకవైపు టికెట్టు, తిరుగు టికెట్టు రద్దు చేసిన ఈమెయిలు, ఎత్తని ఫోన్ల జాబితా, పాస్‌పోర్టు పోయిందని విశాఖ పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు రసీదు, మర్రిపాలెం పాస్‌పోర్టు కార్యాలయంలో కొత్త పాస్‌పోర్టుకు పెట్టిన దరఖాస్తు నకలు. అన్నిటి మీదా తేదీలు స్పష్టంగా కనపడేలా స్కాన్ చేసి, భర్తకు తెలియని కొత్త ఈమెయిలుకు పంపుకోండి.